నాటు తుపాకీ కేసులో ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు "చెప్పలేం" అంటే పోలీసులు మేనేజ్ చేసినట్టేనా?

మొక్కజొన్న_చేను
మా బాబాయి పోయి పద్నాలుగు నెలలైంది. మాది పాత ఖమ్మం జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరు. మొక్కజొన్న కంకి పట్టే రోజుల్లో పందుల బెడదకి రాత్రిళ్ళు చేను కాపలా తప్పదు. ఆ రాత్రి బాబాయి మంచె దిగి చేను గట్టు మీదకి వచ్చినప్పుడు తుపాకీ దెబ్బ తగిలింది, ఛాతీలో కుడివైపు. తెల్లారేసరికి మనిషి లేడు. ఆ రాత్రి వేటకి పోయింది ముగ్గురు. ముగ్గురి దగ్గరా నాటు తుపాకులున్నాయి, మూడూ సీజ్ చేశారు. వాళ్ళలో ఒకరితో మాకు గట్టు తగాదా ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు ముగ్గురూ ఒకటే మాట: "పంది అనుకుని ముప్పై నలభై గజాల దూరం నుంచి కాల్చాం, ఎవరిది తగిలిందో తెలియదు."

మొన్న ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు కాపీ చేతికి వచ్చింది. మూడు తుపాకులూ పనిచేసే స్థితిలో ఉన్నాయి, మూడింటి గొట్టాల్లోనూ కాల్చిన ఆనవాళ్ళున్నాయి అని రాశారు. చివర్లో మాత్రం, శవం నుంచి తీసిన పదకొండు రవ్వలు (చిన్న గుండ్లు) ఏ తుపాకీ నుంచి వచ్చాయో చెప్పడం సాధ్యం కాదు అని ఉంది. ఊళ్ళో అందరూ డబ్బులు చేతులు మారాయంటున్నారు. మా పిన్ని రోజూ ఫోన్ చేసి "వాళ్ళు ఏం తేల్చార్రా" అని అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియడం లేదు. ఇది నిజంగా సైన్సు చెప్పలేనిదా, లేక చెప్పకుండా ఆపారా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

కరీంనగర్_కిట్టు
మేనేజ్ చేసినట్టే బ్రదర్. తూటా చూసి ఏ తుపాకీదో చెప్పేస్తారని చిన్నప్పటి నుంచి పేపర్లో చదువుతున్నాం. మీ కేసుకి వచ్చేసరికే సైన్సు పనిచేయలేదా?

సైలెంట్_రీడర్_9
ముందుగా ఒక మాట. ఊరి పేరు, క్రైమ్ నంబరు, ఎవరి పేర్లూ ఇక్కడ పెట్టకండి. కేసు కోర్టులో ఉంది కదా.

పాత_ల్యాబు_మనిషి
ఫోరెన్సిక్ ల్యాబులో బాలిస్టిక్స్ (తుపాకులు, తూటాలు పరీక్షించే) సెక్షన్‌లో పాతికేళ్ళకు పైగా చేసి రిటైరయ్యాను. మీ రిపోర్టు నేను చూడలేదు, కానీ ఆ ఒక్క వాక్యం వరకూ అయితే అది నిజాయితీగా రాసిన వాక్యం. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

పిస్టల్, రివాల్వర్, రైఫిల్ గొట్టాల లోపల స్క్రూ మరలాగా చుట్టుకుంటూ పోయే గాడులుంటాయి. దాన్ని రైఫ్లింగ్ అంటారు. బుల్లెట్ ఆ గాడుల్లో ఒరుసుకుంటూ గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. గాడులు ఎన్ని, ఎంత వెడల్పు, కుడికి తిరిగాయా ఎడమకా అనేవి ఆ మోడల్ తుపాకులన్నిటికీ ఒకటే. దాన్నిబట్టి ఫలానా రకం తుపాకీ అని మాత్రమే తెలుస్తుంది. గొట్టం కోసేటప్పుడు పనిముట్టు వదిలిన సన్న గీతలు, తర్వాత వాడకంలో పడ్డ గీతలు మాత్రం ఒక్కో తుపాకీకి ఒక్కోలా ఉంటాయి. అనుమానం ఉన్న తుపాకీతో నీళ్ళ ట్యాంకులోకో, దూది పెట్టెలోకో కాల్చి ఆ బుల్లెట్ తీస్తాం. శవంలో దొరికిన బుల్లెట్‌నీ దీన్నీ కంపారిజన్ మైక్రోస్కోప్ కింద పక్కపక్కన పెడతాం. ఒకే కంటిలో సగం ఇదీ సగం అదీ కనిపిస్తాయి. గీతకి గీత కలుస్తుందా లేదా అని గంటల తరబడి తిప్పి చూడాలి. 1920లలో అమెరికాలో గొడార్డ్, గ్రేవెల్, వెయిట్ అనేవాళ్ళు ఈ పద్ధతిని నిలబెట్టారు. 1929లో షికాగోలో ఏడుగురిని కాల్చి చంపిన కేసులో తుపాకులు పట్టిచ్చింది ఇదే.

ఇప్పుడు మీ నాటు తుపాకీ సంగతి. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గాడులు లేవు. రవ్వలు గొట్టానికి సరిగ్గా ఒరుసుకోవు, ఒకదాన్నొకటి కొట్టుకుంటూ పోతాయి. ఎముకకి తగిలితే ఇంకా నలుగుతాయి. పైగా మూతి నుంచి దట్టించే తుపాకీ కాబట్టి ఖాళీ తూటా అనేదే ఉండదు. పిస్టల్ కేసులో బుల్లెట్ చితికిపోయినా, పక్కన పడ్డ ఖాళీ తూటా మీద ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టే సూది) గుర్తు, బ్రీచ్ (గొట్టం వెనక ముఖం) గుర్తు దొరుకుతాయి. మీ కేసులో ఆ దారి కూడా లేదు. రవ్వ చూసి ఫలానా తుపాకీ అని రాసినవాడుంటే వాణ్ణి అనుమానించాలి, రాయనివాణ్ణి కాదు.

కరీంనగర్_కిట్టు
సార్ మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ నాటు తుపాకీ కేసుల్లో శిక్షలు పడలేదా? తపంచాలకి (దేశవాళీ పిస్టళ్ళకి) కూడా గాడులుండవుగా. అవి మ్యాచ్ చేస్తున్నారుగా.

పాత_ల్యాబు_మనిషి
మంచి ప్రశ్న. తపంచాలో తూటా వేసి కాలుస్తారు, కాబట్టి ఖాళీ తూటా మిగులుతుంది. చేత్తో ఆకురాయి పట్టి చేసిన తుపాకీ గనక దాని బ్రీచ్ మీద, పిన్ మీద గరుకు గుర్తులు ఎక్కువ, అవి ఖాళీ తూటా మీద బాగా అచ్చవుతాయి. ఫ్యాక్టరీ పిస్టల్ కన్నా ఒక్కోసారి ఇవే తేలిక. మీరు రెండిటినీ ఒకే గాటన కట్టారు. మూతి దట్టింపు తుపాకీ వేరు, తపంచా వేరు.

వకీలు_అరండల్‌పేట
కిట్టు గారు అడిగినదానికి సుప్రీంకోర్టు తీర్పే ఉంది, 1958 లా రిపోర్టుల్లోని కలువా కేసు. దేశవాళీ పిస్టల్, హత్యాస్థలంలో దొరికిన ఖాళీ తూటా. నిపుణుడు ఆ పిస్టల్‌తో టెస్టుకి కాల్చి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) గుర్తులు కలిశాయని చెప్పాడు. కోర్టు దాన్ని నమ్మి శిక్ష ఖాయం చేసింది.

కరీంనగర్_కిట్టు
సరే, ఆ తేడా అర్థమైంది. కానీ నిపుణులు మాట మార్చరని మాత్రం అనకండి. జెస్సికా లాల్ హత్య కేసు మర్చిపోయామా? ఒక నిపుణుడు రెండు తుపాకులు అన్నందుకే కదా ముద్దాయిలందర్నీ వదిలేశారు.

వకీలు_అరండల్‌పేట
అందరూ సగమే చెప్పే కేసు ఇది, అందుకే పూర్తిగా రాస్తున్నా. 1999 ఏప్రిల్‌లో ఢిల్లీ శివార్లలో ఒక రెస్టారెంట్‌లో హత్య జరిగింది. .22 పిస్టల్. ఆ పిస్టల్ ఎప్పటికీ దొరకలేదు. దొరికినవి రెండు ఖాళీ తూటాలే. ల్యాబు నిపుణుడు మొదట, ఆయుధం తెస్తేగానీ రెండూ ఒకే తుపాకీవో కాదో ఖచ్చితంగా చెప్పలేమన్నాడు. విచారణలో గట్టిగా రెట్టించి అడిగితే, రెండు వేర్వేరు తుపాకులవిలా కనిపిస్తున్నాయి అన్నాడు. ఆ "కనిపిస్తున్నాయి" అనే మాట మీద రెండు తుపాకుల కథ అల్లుకుంది. 2006 ఫిబ్రవరిలో కింది కోర్టు వదిలేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో హైకోర్టు శిక్ష వేసింది, 2010లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తర్వాత ఆ నిపుణుడి మీద తప్పుడు సాక్ష్యం కింద చర్య మొదలుపెడితే 2016లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయన మొదటి నుంచీ ఆయుధం లేకుండా ఖచ్చితంగా చెప్పలేను అంటూనే ఉన్నాడు కదా అని.

నాకు ఆ కేసులో అర్థమైంది ఒకటే. చెప్పలేను అన్నవాణ్ణి బలవంతంగా చెప్పించడం వల్లే అంత గందరగోళం జరిగింది. మీరు ఇప్పుడు ఆ ల్యాబు నుంచి అదే కోరుతున్నారు.

పల్నాటి_పిల్ల
ఈ ఒక్క పోస్టు కోసమైనా థ్రెడ్ సేవ్ చేసుకున్నా.

అట్లాంటా_తెలుగు
వకీలు గారి మాటకి ఇక్కడి కేసు ఒకటి జోడిస్తా. అలబామాలో ఆంథోనీ రే హింటన్ అనే నల్లజాతి మనిషి. 1985లో రెండు రెస్టారెంట్ హత్యలు, మూడో చోట ఒకాయన బతికిపోయాడు. మొత్తం ఆరు బుల్లెట్లు. హింటన్ వాళ్ళమ్మ ఇంట్లో దొరికిన .38 రివాల్వర్‌వే ఆరూ అని ప్రభుత్వ నిపుణులు చెప్పారు. వేరే గట్టి ఆధారం లేదు. అతని లాయరు నిపుణుడి ఫీజుకి వెయ్యి డాలర్లకి మించి రాదని పొరబడి, ఆ డబ్బుకి దొరికినవాణ్ణి పెట్టాడు. ఆయనకి ఒక కన్నే కనిపిస్తుంది, మైక్రోస్కోప్ కూడా సరిగ్గా వాడలేకపోయాడు. జ్యూరీ ఆయన మాట పట్టించుకోలేదు. మరణశిక్ష పడింది. తర్వాత మంచి నిపుణులు చూసి, ఈ బుల్లెట్లు ఆ తుపాకీవని తేల్చలేమన్నారు. 2014లో ఇక్కడి సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది, 2015 ఏప్రిల్‌లో బయటికొచ్చాడు. దాదాపు ముప్పై ఏళ్ళు. ఈలోపు వాళ్ళమ్మ చనిపోయింది. ఆమె తుపాకీ పేరు చెప్పి కొడుకుని లోపల పెట్టారు, ఆమె అతను బయటికి రావడం చూడలేదు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అట్లాంటా_తెలుగు
ఇంకోటి. 2008లో డెట్రాయిట్ పోలీసు ల్యాబులో 200 తుపాకీ కేసులు తిరిగి చూస్తే 19 తప్పులు దొరికాయి, ల్యాబునే మూసేశారు. 2016లో అమెరికా ప్రెసిడెంట్ సైన్సు సలహా మండలి రిపోర్టులో, బాగా జరిగిన ఒక పరీక్ష లెక్కల ప్రకారం తప్పుగా "కలిసింది" అనే అవకాశం సుమారు 66కి ఒకటి అని రాశారు. 2023లో మేరీల్యాండ్ పైకోర్టు అయితే, ఈ బుల్లెట్ ఖచ్చితంగా ఈ తుపాకీదే అని నిపుణుడు చెప్పకూడదు, పొసుగుతోంది లేదా పొసగడం లేదు అనే వరకే చెప్పాలి అంది.

పాత_ల్యాబు_మనిషి
అట్లాంటా గారూ, మీరు చెప్పినవి నిజమే, కానీ ఒక మాట పట్టించుకోండి. ఆ 66కి ఒకటి అనే లెక్కలో "తేల్చలేం" అన్న జవాబులు తీసేసి లెక్కకట్టారు. అవి కలిపితే వందకి ఒకటి దాకా వస్తుంది. రెండు లెక్కల మీదా ఇంకా వాదన నడుస్తోంది. డెట్రాయిట్ గొడవ ఆ ల్యాబు నడిచిన తీరులో ఉంది, దాన్ని పట్టుకుని మైక్రోస్కోప్ మొత్తాన్నీ అబద్ధం అనకూడదు. మా సెక్షన్‌లో ఒకరు చూసింది రెండోవాళ్ళు చూసి సంతకం పెట్టేవాళ్ళు. ఇద్దరికీ కలవకపోతే "చెప్పలేం" అనే రాసేవాళ్ళం. ఆ మాట రాయడానికే ఎక్కువ ధైర్యం కావాలి. ఎస్‌ఐలు ఫోన్ చేసి "సార్ ఏదో ఒకటి రాయండి" అనేవారు.

అట్లాంటా_తెలుగు
ఒప్పుకుంటున్నా సార్. లెక్కలో ఆ భాగం నేను రాయాల్సింది.

మొక్కజొన్న_చేను
అందరికీ థాంక్స్. ఇవన్నీ చదివాక కోపం కొంచెం తగ్గింది, కానీ బాధ తగ్గలేదు. అంటే ముగ్గురూ బయటపడతారా? ల్యాబు చెప్పలేకపోతే కేసు పోయినట్టేనా?

వకీలు_అరండల్‌పేట
పోయినట్టు కాదు. అసలు మీ కేసులో చెప్పుకోవాల్సింది ఎంతో ఉంది. తుపాకీ కేసులో నిపుణుడు ఉంటేనే శిక్ష అనే రూలు లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో గురుచరణ్ సింగ్ కేసులో చెప్పింది. కళ్ళారా చూసిన సాక్షి నమ్మదగ్గవాడైతే చాలు. మరోవైపు 1995లో సుఖ్వంత్ సింగ్ కేసులో, తుపాకీ, ఖాళీ తూటా రెండూ దొరికి కూడా నిపుణుడికి పంపకపోతే అది ప్రాసిక్యూషన్‌కి పెద్ద లోటు అన్నారు. మీ కేసులో పంపారు, జవాబు వచ్చింది, అంతవరకు బాగానే ఉంది.

లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నందుకు ఆయుధాల చట్టం కింద ముగ్గురిదీ విడిగా నేరమే, 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళు. దానికి కలెక్టరు అనుమతి తీసుకున్నారో లేదో ఛార్జిషీటులో చూడండి, సెక్షన్ 39. అది లేకపోతే ఆ భాగం నిలబడదు, చాలా కేసులు ఇక్కడే జారిపోతాయి.

గట్టు_మీది_రైతు
లైసెన్సు మాట వచ్చింది కాబట్టి. పంట కాపాడుకోవడానికి మూతి దట్టింపు తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆ చట్టంలోనే ఉంది, సెక్షన్ 13లో. కానీ మా వైపు అర్జీ పెట్టి రెండేళ్ళు తిరిగినా ఎవరికీ ఇచ్చింది చూడలేదు. పంది ఒక్క రాత్రిలో అరెకరం తొక్కేస్తుంది. అందుకని దొంగ తుపాకులు పుడుతున్నాయి, అందుకని మనుషులు పోతున్నారు. హత్యని సమర్థించడం లేదు తమ్ముడూ, మీ బాబాయి కూడా కాపలా ఉన్న రైతే కదా, కడుపు తరుక్కుపోతోంది.

పల్నాటి_పిల్ల
టాపిక్ మారొద్దు ప్లీజ్, దానికి వేరే థ్రెడ్ పెట్టండి, నేనూ వచ్చి రాస్తా.

డాక్టర్_పీజీ_రెండో_ఏడాది
ఫోరెన్సిక్ మెడిసిన్ చదువుతున్నా. మొక్కజొన్న గారూ, మీరు ల్యాబు రిపోర్టే చూస్తున్నారు, పోస్టుమార్టం రిపోర్టు చదివారా? ఎవరు కాల్చారో చెప్పలేకపోయినా ఎంత దూరం నుంచి కాల్చారో గాయం చెప్తుంది. మీ ముద్దాయిల కథంతా ఆ "ముప్పై నలభై గజాలు" మీదే నిలబడి ఉంది.

రవ్వలు గొట్టం దాటగానే గుంపుగా ఉంటాయి, దూరం పోయేకొద్దీ చెదురుతాయి. దగ్గరైతే ఒకటే పెద్ద రంధ్రం, అంచులు చిరుగులు చిరుగులుగా. కాస్త దూరమైతే నడుమ రంధ్రం, చుట్టూ చిన్న చిన్నవి. ముప్పై గజాలంటే ఒళ్ళంతా తలా ఒక చోట తగలాలి. గాయం చుట్టూ నల్లటి మసి, చర్మంలో దిగిన తుపాకీ మందు చుక్కలు, కాలిన వెంట్రుకలు ఉన్నాయా? నాటు మందుకి మసి చాలా ఎక్కువ. చొక్కా దాచారా? మసి ముందు చొక్కా మీదే పడుతుంది, చర్మం శుభ్రంగా ఉన్నా చొక్కా చెప్తుంది.

పదకొండు రవ్వలు అన్నారు. అవి ఎన్ని రంధ్రాల నుంచి లోపలికెళ్ళాయో రాసి ఉంటుంది, చూడండి.

మాజీ_ఆర్మరర్
రిజర్వ్ పోలీసులో తుపాకుల పని చూసేవాణ్ణి. డాక్టరమ్మ మంచి దారి చూపించింది. నేను ఇంకోటి అడుగుతా. నాటు తుపాకీలో మందుకీ రవ్వలకీ మధ్య, రవ్వల పైన, గుడ్డ పీలికో కొబ్బరి పీచో కాగితమో కుక్కుతారు. పేలినప్పుడు అది కూడా రవ్వలతో బయటికొస్తుంది. తేలిక వస్తువు కాబట్టి ఎక్కువ దూరం పోదు, కొన్ని మీటర్లలో కింద పడిపోతుంది. అది ఎక్కడ దొరికింది? గట్టు మీదా, దూరంగా పొదల్లోనా, లేకపోతే గాయంలోనే ఉందా? పంచనామాలో ఉండాలి. క్లూస్ టీం వచ్చిందా అసలు?

పాత_ల్యాబు_మనిషి
ఆర్మరర్ గారూ, నమస్కారం పెట్టాలి మీకు. నేను గొట్టం గురించి గంట మాట్లాడి ఆ గుడ్డ సంగతే మరిచిపోయాను. ఇంగ్లండ్‌లో పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లాంకాస్టర్‌లో ఒక హత్య కేసు ఉంది. తల గాయంలో దొరికిన చింపు కాగితం ముక్క, నిందితుడి జేబులో ఉన్న కాగితంతో అంచుకి అంచు సరిపోయింది. అతనికి శిక్ష పడింది. అప్పటికి మైక్రోస్కోప్‌తో తుపాకీ పోల్చడం అనేదే లేదు. మూతి దట్టింపు తుపాకీకి అప్పుడూ ఇప్పుడూ అదే దారి.

కరీంనగర్_కిట్టు
రవ్వల సీసం పోల్చొచ్చు కదా? ముగ్గురి ఇళ్ళల్లో దొరికిన రవ్వల్లో సీసం కల్తీ వేర్వేరుగా ఉంటుందిగా.

అట్లాంటా_తెలుగు
అది ఇక్కడ చాలా ఏళ్ళు చేశారు కిట్టు. ఒకే కరుగులో లక్షల తూటాలు పోస్తారు, కాబట్టి సీసం కలిసిందంటే అర్థం తక్కువ అని 2004లో జాతీయ పరిశోధన మండలి రాసింది. 2005లో ఎఫ్‌బీఐ ఆ పరీక్షే ఆపేసింది.

పాత_ల్యాబు_మనిషి
రవ్వల సైజు, చేత్తో పోసినవా ఫ్యాక్టరీవా, సైకిల్ బేరింగ్ గోలీలా అనేది చూడొచ్చు. ఒకరి దగ్గర సీసం గుండ్లు, ఇంకొకరి దగ్గర ఇనుప గోలీలు ఉంటే అది పనికొచ్చే తేడా. మూడింటిలోనూ ఒకే దుకాణం రవ్వలైతే ఉపయోగం లేదు.

కరీంనగర్_కిట్టు
చేతులకి మందు అంటుకునే పరీక్ష?

డాక్టర్_పీజీ_రెండో_ఏడాది
ఆ పరీక్ష సీసం, బేరియం, యాంటిమొనీ మూడూ కలిసిన రేణువుల కోసం చూస్తుంది. అవి తూటా ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే మందు) నుంచి వస్తాయి, నాటు మందుకి అలా ఉండకపోవచ్చు. పైగా చేతుల మీద కొన్ని గంటలే నిలుస్తాయి. చేతులు కడిగితే, జేబులో పెట్టుకుంటే పోతాయి. పైగా ముగ్గురూ కాల్చామనే ఒప్పుకుంటున్నారు, ఆ పరీక్షతో తేలేదేముంది?

మొక్కజొన్న_చేను
నాలుగు రోజులుగా రాలేదు, ఊరికి వెళ్ళొచ్చాను. పోస్టుమార్టం రిపోర్టు, పంచనామా రెండూ ముందు పెట్టుకుని రాస్తున్నా, చేతులు వణుకుతున్నాయి.

పోస్టుమార్టంలో ఒకటే గాయం అని ఉంది. నాలుగు సెంటీమీటర్ల రంధ్రం, అంచులు చిరిగి ఉన్నాయి, చుట్టూ మూడు చిన్న రంధ్రాలు. లోపల ఊపిరితిత్తిలో రవ్వలతో పాటు "నల్లబడిన గుడ్డ ముక్క ఒకటి, అంచున నీలం రంగు" తీసి సీసాలో వేసి సీల్ చేశాం అని రాశారు. చొక్కా కూడా ఇచ్చారట.

పంచనామాలో, ఆ ముగ్గురిలో ఒకరి ఇంట్లో తుపాకీతో పాటు సంచి ఒకటి సీజ్ చేశారు. మందు డబ్బా, రవ్వలు, "చింపిన లుంగీ పీలికలు" అని ఉంది. గట్టు తగాదా ఉన్నది ఆ మనిషితోనే. మిగతా ఇద్దరి దగ్గర కొబ్బరి పీచు దొరికిందని రాశారు. ఇన్నాళ్ళూ ఈ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. చివరి పేజీ తప్ప చదవలేదు.

డాక్టర్_పీజీ_రెండో_ఏడాది
నాలుగు సెంటీమీటర్ల ఒకే రంధ్రం, గుడ్డ ముక్క ఊపిరితిత్తి దాకా వెళ్ళింది. ఇది ముప్పై గజాల గాయం కాదు. ఎన్ని మీటర్లని నేను ఇక్కడ అంకె చెప్పను, చెప్పకూడదు. నాటు తుపాకీలో ఒక్కో దట్టింపుకి మందు ఎంత వేశారో మారుతుంది. అదే తుపాకీతో, అదే రకం మందుతో వేర్వేరు దూరాల నుంచి టెస్టు కాల్చి పోలిస్తేనే దగ్గర దగ్గరగా చెప్పగలరు. కానీ దగ్గరి నుంచి కాల్చారు అనే మాట పోస్టుమార్టం చేసిన డాక్టరుగారు కోర్టులో చెప్పగలరు, ఆయన్ని ఆ ప్రశ్న అడగాలి.

పాత_ల్యాబు_మనిషి
ఆ గుడ్డ ముక్క ల్యాబుకి వెళ్ళిందా? వెళ్తే ఏ ప్రశ్నతో వెళ్ళింది? లెటర్ ఆఫ్ అడ్వైజ్ (వస్తువులతో పాటు ప్రశ్నలు రాసి ల్యాబుకి పంపే లెటర్) కాపీ చూడండి.

మొక్కజొన్న_చేను
చూశాను సార్. వెళ్ళిన వస్తువుల లిస్టులో గుడ్డ ముక్క, చొక్కా ఉన్నాయి. లుంగీ పీలికలు లేవు, అవి స్టేషన్ మాల్‌ఖానాలోనే (సీజ్ చేసిన వస్తువులు దాచే గది) ఉన్నాయట. ల్యాబుని అడిగిన ప్రశ్నలు మూడే. తుపాకులు పనిచేస్తాయా, కాల్చారా, రవ్వలు వేటివి. గుడ్డ గురించి ఒక్క ప్రశ్న లేదు. దూరం గురించీ లేదు.

పాత_ల్యాబు_మనిషి
అదీ సంగతి. ల్యాబు అడిగినదానికే జవాబు రాస్తుంది. బాలిస్టిక్స్ వాళ్ళ బల్ల మీదకి గుడ్డ ముక్క వచ్చినా, పోల్చడానికి రెండోది లేకపోతే, అడగకపోతే, "ఆర్టికల్ నంబరు ఫలానా, గుడ్డ ముక్క" అని రాసి తిరిగి సీల్ చేసి పంపేస్తారు. గుడ్డ నేత, నూలు, రంగు, చింపిన అంచు పోల్చేది ఫిజిక్స్ సెక్షన్. మీ ఊళ్ళో అనుకున్నట్టు ఎవరో డబ్బు తిని ఉండొచ్చు, ఉండకపోవచ్చు, నాకు తెలియదు. కానీ నా సర్వీసులో కేసులు పాడైంది ఎక్కువగా ఇలాగే. స్టేషన్‌లో పాత లెటర్ నమూనా ఒకటి ఉంటుంది, స్టేషన్ రైటర్ (రాతపని చూసేవాడు) అందులో క్రైమ్ నంబరు మార్చి అవే ప్రశ్నలు దించేస్తాడు.

కరీంనగర్_కిట్టు
నేను మొదట రాసిన "మేనేజ్ చేసినట్టే" అన్నది వెనక్కి తీసుకుంటున్నా. ల్యాబు వరకే. స్టేషన్ గురించి ఇంకా నా అనుమానం నాదే.

వకీలు_అరండల్‌పేట
సంఘటన 2024 జులై తర్వాతదే కాబట్టి కొత్త చట్టం వర్తిస్తుంది. ఛార్జిషీటు పడినా ఇంకా దర్యాప్తు చేయొచ్చు, బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 193(9). విచారణ మొదలైతే కోర్టు అనుమతి కావాలి, తొంభై రోజుల్లో ముగించాలి, అవసరమైతే కోర్టు గడువు పెంచుతుంది. మీరు చేయాల్సింది ముందు పీపీ గారిని (ప్రభుత్వ వకీలు) కలిసి ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించడం. కోర్టు అనుమతితో ఆయనకి సాయంగా సొంత వకీలుని పెట్టుకోవచ్చు. అర్జీలో ఎవరి మీదా ఆరోపణ రాయకండి. "ఈ వస్తువు, ఆ వస్తువు పోల్చలేదు, పోల్చమని ఆదేశించండి" అంతే. ఆరోపణ రాస్తే వాదన దాని చుట్టూ తిరిగి ఆరు నెలలు పోతుంది.

ఇంకో మాట, మనసు గట్టి చేసుకోండి. గుడ్డ కలవకపోవచ్చు కూడా.

పల్నాటి_పిల్ల
కలవకపోతే?

వకీలు_అరండల్‌పేట
కలవకపోతే ఆ మనిషి మీద మీ అనుమానం తప్పు అయ్యే అవకాశం ఉంది, అది కూడా తెలియాలి. అట్లాంటా గారు చెప్పిన హింటన్ కథ అందుకే ఇక్కడ అవసరం.

మొక్కజొన్న_చేను
పిన్నికి ఇదే చెప్పాను, కలవకపోవచ్చని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కాకపోతే కాదని తెలుస్తుంది గదా, రోజూ వాడి ఇంటి ముందు నుంచే పోతున్నా" అంది.

మొక్కజొన్న_చేను
అప్‌డేట్. పీపీ గారు బాగా విన్నారు. అర్జీ వేశాం, వచ్చే నెల పదకొండో తేదీకి వాయిదా. ల్యాబు నుంచి తిరిగొచ్చిన వస్తువులు కోర్టు ప్రాపర్టీ రూములో ఉన్నాయి, సీల్ చెక్కుచెదరలేదని క్లర్క్ చెప్పారు. లుంగీ పీలికలు స్టేషన్‌లో ఉన్నాయని రాతపూర్వకంగా తీసుకున్నాం.

పాత_ల్యాబు_మనిషి
మంచి పని చేశారు. ఒకటి గుర్తుపెట్టుకోండి, పీపీ గారితో కూడా చెప్పండి. గుడ్డ ముక్క, లుంగీ పీలికలు ఒకే కవర్లో పెట్టి పంపకూడదు. వేర్వేరు కవర్లు, వేర్వేరు సీళ్ళు, వీలైతే వేర్వేరు రోజుల్లో ప్యాకింగ్. ఒకదాని నూలు పోగు రెండోదాని మీద పడిందంటే ఎదుటి వకీలు అదొక్కటే పట్టుకుంటాడు. ప్లాస్టిక్ వద్దు, కాగితం కవరు. చొక్కా మడత పెట్టేటప్పుడు రంధ్రం ఉన్న చోట మధ్యలో తెల్ల కాగితం పెట్టాలి, మసి రాలకుండా. కొత్త లెటర్‌లో దూరం గురించి ప్రశ్న విడిగా, గుడ్డ గురించి విడిగా రాయించండి. లెటర్ డ్రాఫ్ట్ తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, నేనూ ఆర్మరర్ గారూ చూస్తాం.

మాజీ_ఆర్మరర్
చూస్తాం. టెస్టు కాల్చేటప్పుడు ఆ సంచిలో దొరికిన మందే వాడమని కూడా రాయించండి, అది తేమ పట్టకుండా ఉందో లేదో ముందు కనుక్కోండి.

మొక్కజొన్న_చేను
రేపు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తున్నా, మందు డబ్బా సంగతి అడిగి సాయంత్రం రాస్తాను.